వెళ్తున్నాం

మా ఇంట్లో ఊరికి బయల్దేరేవాళ్ళు గడప దగ్గర నిలబడి ‘వెళ్తున్నా’ అంటే అమ్మ ఒప్పుకునేది కాదు. ‘వెళ్తున్నా ఏమిటి, వెళ్ళొస్తా అను’ అనేది. వెళ్ళేది తమ్ముడైనా, బాబాయి అయినా, పెళ్ళయిన నెలకే దుబాయి ఉద్యోగానికి పోతున్న బావ అయినా సరే, ఆ మాట మార్చి చెప్పాకే మెట్లు దిగాలి. ఎవరైనా తుమ్మారంటే చెప్పులు విడిచి మళ్ళీ లోపలికొచ్చి కూర్చోవాలి. గ్లాసుడు మంచినీళ్ళు తాగాలి. కింద ఆటో అతను హారన్ కొడుతూనే ఉండేవాడు. అమ్మ తొందరపడేది కాదు. ‘రెండు నిమిషాలు ఆగితే కొంపలేం మునగవు’ అనేది.

అప్పట్లో ఎయిర్‌పోర్టు బేగంపేటలోనే ఉండేది. శ్రీనగర్ కాలనీ నుంచి పంజగుట్ట చౌరస్తా దాటి, గ్రీన్‌లాండ్స్ మీదుగా పోతే ఇంత దూరమా అనిపించకముందే వచ్చేసేది. మనిషిని సాగనంపి ఇంటికొచ్చాక అమ్మ మేడ ఎక్కేది. పాత చీర మీద ఆరబెట్టిన గుమ్మడి వడియాలను ఒక్కొక్కటీ తిరగేస్తూ కూర్చునేది. ఉత్తరం దిక్కున విమానం లేచిన చప్పుడు వినబడగానే పిండి అంటిన చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని నిలబడేది. అందులో ఉన్నది మావాడేనో కాదో ఆమెకు తెలియదు. అయినా అది చుక్కంతై మాయమయ్యేదాకా చూసి, ‘చల్లగా చేరాలి’ అనుకుని మళ్ళీ వడియాల దగ్గర కూర్చునేది.

2008 మార్చి 22 అర్ధరాత్రితో బేగంపేటలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. ఎయిర్‌పోర్టు శంషాబాద్‌కు తరలిపోయింది. మా మేడ మీది ఆకాశంలో చప్పుడు తగ్గింది. ప్రయాణాలు మాత్రం తగ్గలేదు. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల కోర్సులు నేర్చుకుని అమెరికాకో గల్ఫ్‌కో వెళ్ళిన పిల్లలు మా వీధిలో ఇంటికొకరు ఉన్నారు. దుబాయి నుంచి హైదరాబాద్ వచ్చే విమానం అంటే మాకు ఎక్కడిదో వార్త కాదు. అందులో మనవాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు.

అందుకే 2022 జనవరి 9, ఆదివారం రాత్రి దుబాయిలో జరిగింది తెలిసినప్పుడు నాకు గుండె ఆగినంత పనైంది. హైదరాబాద్ రావాల్సిన ఎమిరేట్స్ 524వ నంబరు విమానం, బోయింగ్ 777, రన్‌వే మీద టేకాఫ్ పరుగు మొదలుపెట్టింది. కంట్రోల్ టవర్ అనుమతి ఇవ్వలేదు. అదే రన్‌వే మీదికి బెంగళూరు వెళ్ళాల్సిన మరో ఎమిరేట్స్ 777 రావాల్సి ఉంది. వేగం అందుకుంటున్న విమానాన్ని టవర్ ఆపమంది. పైలట్లు ఆపారు. విమానం పక్కనున్న ట్యాక్సీవేలోకి తప్పుకుంది. తర్వాత బయల్దేరి హైదరాబాద్ చేరింది. ఒక్కరికీ గీత కూడా పడలేదు.

అనుమతి రాకముందే పరుగు అందుకోవడం, అవతల మరో విమానం ఉండడం, రెండింటి నిండా మనుషులు ఉండడం, ఇవన్నీ అంతకు దాదాపు 45 ఏళ్ళ ముందు మరో ఆదివారం నాడు కూడా జరిగాయి. ఆ రోజు ఆపమన్న మాట చేరలేదు. 583 మంది చనిపోయారు. విమానయాన చరిత్రలో ఒక్క ప్రమాదంలో ఇంతమంది పోవడం అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు. మనవాళ్ళు క్షేమంగా ఇల్లు చేరారని ఊపిరి పీల్చుకున్న రాత్రి, చేరలేకపోయిన వాళ్ళను తలుచుకోకుండా ఉండలేకపోయాను. ఆ కథ ఒక పెద్దమనిషి పతనం కథ కూడా.

*

ఆయన పేరు యాకోబ్ వెల్దాయిజెన్ వాన్ జాంటెన్. వయసు యాభై. నెదర్లాండ్స్ విమాన సంస్థ కేఎల్ఎంలో బోయింగ్ 747 నడిపే పైలట్లకు శిక్షణ ఇచ్చే గురువుల్లో పెద్దాయన. ఆ సంస్థ ప్రకటనల్లో చిరునవ్వుతో కనిపించే కెప్టెన్ ఆయనే. విమానంలో సీటు ముందు జేబులో పెట్టే పత్రిక తిరగేస్తే ఆయన ముఖమే కనిపించేది. మా విమానం ఎక్కండి, మీ ప్రాణాలకు భరోసా మాది అని ఒక సంస్థ చెప్పాలనుకున్నప్పుడు చూపించిన ముఖం అది.

ఆ రోజు ఆయన పక్కన కూర్చున్న కో పైలట్ క్లాస్ మ్యూర్స్‌కు 747 నడిపే యోగ్యత ఉందని పరీక్షించి ఉత్తీర్ణుణ్ణి చేసిందీ ఆయనే. అది జరిగి రెండు నెలలే అయింది. వెనక సీటులో ఫ్లైట్ ఇంజనీరు విలెం స్క్రూడర్ ఉన్నాడు. ముగ్గురూ పనితనం ఉన్నవాళ్ళే. ఒకరు పరీక్ష పెట్టినవాడు, ఒకరు ఆ పరీక్ష రాసినవాడు.

వాన్ జాంటెన్ ఎక్కువ కాలం గడిపింది సిమ్యులేటర్‌లో, శిష్యులకు నేర్పిస్తూ. అక్కడ టవర్ ఉండదు. టవర్ చెప్పాల్సిన మాటలు కూడా గురువే చెబుతాడు. ‘బయల్దేరు’ అని అనుమతి ఇచ్చేదీ గురువే. శిష్యుడు ఆగాల్సిన అవసరం రాదు, గురువు ఆగాల్సిన అవసరం అసలే రాదు. ఏళ్ళ తరబడి అనుమతి ఇస్తూ వచ్చిన నోరు ఆ సాయంత్రం అనుమతి కోసం ఎదురుచూడాల్సి వచ్చింది.

*

1977 మార్చి 27. కేఎల్ఎం 4805 ఆమ్‌స్టర్‌డామ్ నుంచి బయల్దేరింది. స్పెయిన్‌కు చెందిన కనరీ దీవుల్లో గ్రాన్ కనరియాకు సెలవులు గడపడానికి పోతున్న కుటుంబాలతో నిండి ఉంది. చంటిపిల్లలతో కలిపి యాభై మంది దాకా పిల్లలు ఉన్నారు. అటు అమెరికా నుంచి పాన్ యామ్ 1736 లాస్ ఏంజెలిస్‌లో మొదలై న్యూయార్క్ మీదుగా అదే దీవికి వస్తోంది. అందులో ఎక్కువమంది ఉద్యోగాలు ముగించుకున్న పెద్దవాళ్ళు. గ్రాన్ కనరియాలో ఓడ ఎక్కి సముద్ర విహారానికి వెళ్ళాలని వాళ్ళ కోరిక. ఆ విమానం పేరు క్లిప్పర్ విక్టర్. 1970 జనవరిలో 747 మొట్టమొదటి ప్రయాణికుల సర్వీసు నడిపిన విమానం అదే.

మధ్యాహ్నం గ్రాన్ కనరియా విమానాశ్రయంలో బాంబు పేలింది. కనరీ దీవులకు స్వాతంత్ర్యం కావాలనే సంస్థ పెట్టిన బాంబు. మరొకటి ఉందని బెదిరింపు వచ్చింది. విమానాశ్రయం మూసేశారు. వచ్చే విమానాలన్నిటినీ పక్క దీవి తెనెరీఫ్‌లోని లాస్ రోదియోస్‌కు మళ్ళించారు. పాన్ యామ్ దగ్గర ఇంధనం చాలినంత ఉంది, గాలిలోనే చక్కర్లు కొడుతూ ఆగుతామని వాళ్ళు అడిగారు. దిగమన్నారు. దిగారు.

లాస్ రోదియోస్ చిన్న విమానాశ్రయం. రన్‌వే ఒక్కటే. సముద్ర మట్టానికి 633 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడ మబ్బు పైనుంచి దిగి రాదు, కొండ వాలు మీదుగా నడిచి వస్తుంది. ఇప్పుడు ఎండ కాస్తుంది, అంతలో చేతికర్ర కనబడదు. ఆ రోజు పెద్ద విమానాలన్నీ వచ్చి నిలబడడంతో ట్యాక్సీవే మూసుకుపోయింది. ఎగరాల్సిన విమానం రన్‌వే మీదనే రెండో చివరిదాకా నడిచిపోయి, అక్కడ వెనక్కి తిరిగి, మళ్ళీ అదే రన్‌వే మీద పరుగెత్తాలి. నడిచే దారీ పరుగెత్తే దారీ ఒకటే అయ్యాయి. నేల మీది విమానాలను చూపించే రాడార్ అక్కడ లేదు.

గంటలు గడిచాయి. గ్రాన్ కనరియా మళ్ళీ తెరుచుకుంది. పాన్ యామ్ బయల్దేరడానికి సిద్ధం. కానీ ముందు కేఎల్ఎం విమానం అడ్డంగా ఉంది. వాన్ జాంటెన్ ఇంధనం నింపించుకుంటున్నాడు, 55,500 లీటర్లు. పాన్ యామ్ కో పైలట్ రాబర్ట్ బ్రాగ్, ఫ్లైట్ ఇంజనీరు జార్జ్ వార్న్స్ కిందికి దిగి, పక్కనుంచి దాటడానికి చోటుందేమోనని అడుగులు వేసి కొలిచారు. పన్నెండడుగులు తక్కువైంది. ఆ పన్నెండడుగులే దొరికి ఉంటే ఈ కథ ఎవరికీ తెలిసేది కాదు. ఇక వాళ్ళు కేఎల్ఎం కదిలేదాకా ఆగక తప్పలేదు.

వాన్ జాంటెన్‌కు మరో బెంగ ఉంది. పైలట్ల పని గంటల మీద నెదర్లాండ్స్‌లో కొత్తగా కఠినమైన నిబంధనలు వచ్చాయి. అంతకుముందు కెప్టెన్ తన విచక్షణతో ఒకటి రెండు గంటలు పొడిగించుకునేవాడు. ఇప్పుడు గడువు దాటితే శిక్ష పడొచ్చు. గడువులోగా తిరిగి ఆమ్‌స్టర్‌డామ్ చేరకపోతే అంతమంది ప్రయాణికులూ రాత్రికి ఎక్కడో చిక్కుకుపోతారు. ఆయన తొందరపడింది తన సుఖం కోసం కాదు. మంచివాళ్ళ తొందరకు కూడా న్యాయమైన కారణాలే ఉంటాయి. అందుకే అది ప్రమాదం. అది తప్పని ఎవరికీ అనిపించదు.

ప్రయాణికులను మళ్ళీ విమానం ఎక్కించారు. ఆ దీవిలోనే నివాసం ఉండే ఒక టూర్ గైడ్ మాత్రం ఇక్కడే ఉండిపోతానని దిగిపోయింది. ఆమె వదిలిన విమానంలో 234 మంది ప్రయాణికులు, 14 మంది సిబ్బంది మిగిలారు.

*

సాయంత్రం ఐదు కావస్తుండగా మబ్బు రన్‌వే మీదికి వచ్చింది. కేఎల్ఎం ముందు నడిచింది. వెనకే పాన్ యామ్ నడిచింది. మూడో మలుపు దగ్గర రన్‌వే వదిలి పక్కకు తప్పుకోమని టవర్ పాన్ యామ్‌కు చెప్పింది. మొదటిదా మూడోదా అని వాళ్ళకు సందేహం వచ్చింది. ‘మూడోది, సార్. ఒకటి, రెండు, మూడు’ అని కంట్రోలర్ లెక్కపెట్టి మరీ చెప్పాడు. కానీ ఆ మూడో మలుపు ఎలాంటిదంటే, అంత పెద్ద విమానం దాదాపు వెనక్కి తిరిగినట్టు తిరగాలి. తర్వాతి మలుపు వాటంగా ఉంది. పొగమంచులో వాళ్ళు మూడోది దాటి నాలుగో దాని వైపు నడుస్తున్నారు. టవర్‌కు వాళ్ళు కనబడరు. వాళ్ళకు కేఎల్ఎం కనబడదు. కేఎల్ఎంకు వాళ్ళు కనబడరు. ముగ్గురి మధ్య ఉన్నది రేడియోలో వినిపించే మాట ఒక్కటే.

కేఎల్ఎం రన్‌వే చివరికి చేరి వెనక్కి తిరిగింది. తిరగగానే వాన్ జాంటెన్ ఇంజన్ల వేగం పెంచాడు. మ్యూర్స్ అన్నాడు: ‘ఆగండి, మనకింకా క్లియరెన్స్ రాలేదు.’ ‘తెలుసు, అడుగు’ అన్నాడు గురువు. మ్యూర్స్ అడిగాడు. టవర్ జవాబిచ్చింది. కానీ అది గాలిలోకి లేచాక ఏ దారిన పోవాలో చెప్పే అనుమతి. పరుగెత్తడానికి అనుమతి కాదు. అందులో ‘టేకాఫ్’ అన్న మాట మాత్రం ఉంది. ఎదురుచూస్తున్న చెవికి ఆ ఒక్క మాట చాలు.

మ్యూర్స్ ఆ ఆదేశాన్ని తిరిగి చదివి వినిపిస్తుండగానే, ఆ వాక్యం పూర్తి కాకముందే, వాన్ జాంటెన్ బ్రేకులు వదిలి అన్నాడు: ‘వెళ్తున్నాం.’

తన మాటను ముగిస్తూ మ్యూర్స్ తడబడుతూ ‘ఇప్పుడు టేకాఫ్ దగ్గర ఉన్నాం’ అన్నట్టుగా టవర్‌కు చెప్పాడు. నిలబడి ఉన్నామనా, కదిలిపోతున్నామనా? ఆ మాటకు రెండర్థాలూ ఉన్నాయి. టవర్ ‘ఓకే’ అంది. ఒక్క క్షణం ఆగి, ‘టేకాఫ్‌కు సిద్ధంగా ఉండండి, నేను పిలుస్తాను’ అంది. సరిగ్గా అదే సమయంలో ప్రమాదం పసిగట్టిన పాన్ యామ్ ‘మేమింకా రన్‌వే మీదే నడుస్తున్నాం’ అని గట్టిగా చెప్పింది. రెండు మాటలూ ఒకే తరంగం మీద ఒకేసారి వచ్చాయి. ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. కేఎల్ఎం కాక్‌పిట్‌లో వినబడింది ‘ఓకే’, ఆ తర్వాత మూడు నాలుగు సెకన్ల కీచు శబ్దం. ఆ కీచు శబ్దంలో రెండు హెచ్చరికలున్నాయి. ఏ ఒక్కటి చెవిన పడినా చాలేది.

విమానం వేగం పుంజుకుంటోంది. రన్‌వే ఖాళీ చేశాక చెప్పమని టవర్ పాన్ యామ్‌ను అడిగింది. చెబుతామని వాళ్ళన్నారు. ఈ మాటలు కేఎల్ఎం కాక్‌పిట్‌లో స్పష్టంగా వినబడ్డాయి. ముందున్న ఇద్దరూ పరుగు ధ్యాసలో ఉన్నారు. వెనక కూర్చున్న స్క్రూడర్ మాత్రం విన్నాడు. ‘ఆయన తప్పుకోలేదా మరి?’ అన్నాడు. ‘ఏమన్నావు?’ అన్నాడు కెప్టెన్. ‘ఆ పాన్ అమెరికన్ తప్పుకోలేదా?’ అని మళ్ళీ అడిగాడు. ‘తప్పుకున్నాడు!’ అని వాన్ జాంటెన్ గట్టిగా అన్నాడు.

ఆ గొంతులోని ధీమా ముందు స్క్రూడర్ మళ్ళీ నోరెత్తలేదు.

పొగమంచులో రెండు దీపాలు తమ వైపే వస్తున్నాయని పాన్ యామ్ కెప్టెన్ విక్టర్ గ్రబ్స్ ముందు చూశాడు. బ్రాగ్ తప్పుకోమని అరిచాడు. విమానాన్ని ఎడమకు, గడ్డి వైపు తిప్పారు. ఎదురుగా అడ్డంగా ఉన్న విమానాన్ని చూసిన వాన్ జాంటెన్ తన విమానాన్ని బలవంతంగా పైకి లేపాడు. తోక నేలను గీరింది. ముందు చక్రం పాన్ యామ్ మీదుగా దాటింది. వెనక చక్రాలు, ఇంజన్లు దాటలేదు. కేఎల్ఎం కొద్ది దూరం గాల్లో పోయి కూలింది. నింపించుకున్న ఇంధనమంతా చితి అయింది. ‘వెళ్తున్నాం’ అన్న మాటకూ ఆ మంటకూ మధ్య నలభై సెకన్లు కూడా లేవు. అప్పుడు సమయం 5 గంటల 6 నిమిషాలు.

కేఎల్ఎంలో ఉన్న 248 మందిలో ఒక్కరూ మిగల్లేదు. పాన్ యామ్‌లో 396 మందికి 335 మంది పోయారు. 61 మంది బతికారు, గ్రబ్స్, బ్రాగ్, వార్న్స్ వాళ్ళలో ఉన్నారు. పొగమంచులో అగ్నిమాపక సిబ్బంది మొదట ఒక మంట దగ్గరికి చేరారు. రెండో విమానం కూడా కాలుతోందని కొంతసేపటిదాకా వాళ్ళకు తెలియదు.

ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రమాద వార్త తెలిసినప్పుడు, విచారణకు ఎవరిని పంపాలి అని సంస్థ పెద్దలు ఆలోచించారు. వాళ్ళకు వెంటనే తట్టిన పేరు వాన్ జాంటెన్. ఆయన కోసం వెతికారు. ఆ విమానం నడిపింది ఆయనేనని అప్పటికి తెలియదు. ఒక సంస్థ ఒక మనిషిని ఎంతగా నమ్మిందో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? ఇంతకంటే ఎత్తు నుంచి ఎవరు పడగలరు?

*

ఆయన్ను దోషిగా నిలబెట్టడం తేలిక. నేను ఎన్నిసార్లు ఆ నలభై సెకన్లు తలుచుకున్నా నా చూపు పక్క సీటు మీదికీ వెనక సీటు మీదికీ పోతుంది. మ్యూర్స్ ఒకసారి ఆపాడు, రెండోసారి ఆపలేకపోయాడు. స్క్రూడర్ రెండుసార్లు అడిగాడు, మూడోసారి అడగలేకపోయాడు. వాళ్ళకు తెలియక కాదు. ఆ ఇద్దరి దగ్గరా నిజం ఉంది. ఎదుట ఉన్నవాడు పెద్దవాడు, గురువు, పోస్టర్ మీది మనిషి.

ఈ మౌనం ఎలాంటిదో మన ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. పెద్దలకు ఎదురు చెప్పకూడదని మనకు ఉగ్గుపాలతో పోశారు. తాతయ్య బండి నడుపుతుంటే మలుపు తప్పిందని చెప్పడానికి నోరు రాదు. ఆఫీసులో పెద్దసారు అంకె తప్పు చెప్పినా, ఆయనకు తెలియదా అనుకుని ఊరుకుంటాం. ఆ ఊరుకోవడానికి మర్యాద అని పేరు పెట్టుకున్నాం. ఆ మర్యాద డచ్చివాళ్ళ కాక్‌పిట్‌లోనూ ఉంది. గౌరవించడం తప్పు కాదు. గౌరవించే మనిషిని ఒంటరిగా వదిలేయడం తప్పు. వాన్ జాంటెన్ ఆ క్షణంలో లోకంలోకెల్లా ఒంటరి మనిషి. ఆయన పొరపాటు పడ్డాడని తెలిసినవాళ్ళు చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో ఉన్నారు. అయినా ఆయన్ను చేరుకోలేకపోయారు.

లోకం ఆ తర్వాత నేర్చుకుంది. ‘టేకాఫ్’ అన్న మాటను, నిజంగా ఎగరడానికి అనుమతి ఇచ్చేటప్పుడో, ఇచ్చిన అనుమతిని రద్దు చేసేటప్పుడో తప్ప రేడియోలో పలకకూడదని నియమం వచ్చింది. మిగతా వేళల్లో ‘డిపార్చర్’ అనాలి. ఒక మాటకు కంచె కట్టారు. కాక్‌పిట్‌లో చిన్నవాడు పెద్దవాణ్ణి ఆపడం ధిక్కారం కాదనీ అది అతని విధి అనీ పైలట్లకు పాఠంగా చెప్పడం మొదలుపెట్టారు. వినడం కెప్టెన్‌కు పాఠమైంది. ఇప్పుడు దుబాయిలోనైనా శంషాబాద్‌లోనైనా కాక్‌పిట్‌లో కూర్చునే ప్రతి ఒక్కరూ ఈ పాఠం చదివే వస్తారు. పుస్తకంలో ఆ పేర్లు రాసి ఉండకపోయినా అది మ్యూర్స్, స్క్రూడర్ల పాఠమే. తెనెరీఫ్‌లో మేసా మోతా కొండ మీద 2007లో సుడి తిరిగిన మెట్ల రూపంలో ఒక స్మారకం నిలిపారు.

మన దేశమూ తన వంతు కన్నీళ్ళతోనే నేర్చుకుంది. 1996 నవంబర్ 12 సాయంత్రం హర్యానాలో చర్ఖీ దాద్రీ పొలాల మీద ఆకాశంలో రెండు విమానాలు ఢీకొన్నాయి. ఢిల్లీ నుంచి బయల్దేరిన సౌదియా 747 ఒకటి. ఢిల్లీలో దిగబోతున్న కజకిస్తాన్ విమానం ఒకటి. కజకిస్తాన్ విమానం తనకు చెప్పిన ఎత్తు కంటే కిందికి దిగిపోయింది. 349 మంది పోయారు. గాలిలో విమానాలు ఢీకొన్న ప్రమాదాల్లో, పోయినవాళ్ళ సంఖ్యను బట్టి ప్రపంచంలోనే పెద్దది అది. సౌదియా విమానంలో కూలి కోసం పోతున్న మనవాళ్ళు ఎందరో ఉన్నారు. నిజామాబాద్, కరీంనగర్ పల్లెల్లో గల్ఫ్ ప్రయాణం అంటే ఏమిటో తెలిసినవాళ్ళకు ఆ పెట్టెలు, ఆ దుప్పట్ల మూటలు ఎలా ఉంటాయో కళ్ళకు కడుతుంది. అప్పట్లో ఢిల్లీకి వచ్చేవాళ్ళకూ వెళ్ళేవాళ్ళకూ ఆకాశంలో ఒకటే దారి. ఆ తర్వాత దారులు వేరు చేశారు. ఎదురొచ్చే విమానాన్ని పసిగట్టి పైలట్‌ను హెచ్చరించే యంత్రం ఉండి తీరాలని నియమం పెట్టారు.

ఆ యంత్రమే 2018 జులై 10న మనవాళ్ళను కాపాడింది. కోయంబత్తూరు నుంచి హైదరాబాద్ వస్తున్న ఇండిగో విమానం, బెంగళూరు నుంచి కొచ్చి పోతున్న ఇండిగో విమానం బెంగళూరు ఆకాశంలో దగ్గరయ్యాయి. ఎత్తులో తేడా 200 అడుగులు. రెండింటిలో కలిపి మూడు వందల మందికి పైగా ఉన్నారు. యంత్రం మోగింది, విమానాలు తప్పుకున్నాయి. హైదరాబాద్‌లో దిగినవాళ్ళు ఆ సాయంత్రం ఇంటికి పోయి అన్నం తిన్నారు. చర్ఖీ దాద్రీలో పోయినవాళ్ళు వాళ్ళకు తమ ఆయుష్షు ఇచ్చారని నేననుకుంటాను.

కానీ ఆ యంత్రం గాలిలోనే తోడు. రన్‌వే మీద అది మార్గం చూపదు. నేల మీద ఇప్పటికీ ఎక్కువగా కాపాడేది కంట్రోలర్ కన్ను, పైలట్ చెవి, వాళ్ళిద్దరి మధ్య మాట. 2024 జనవరి 2న టోక్యో హనేడాలో దిగిన జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం, రన్‌వే మీదున్న కోస్ట్ గార్డ్ విమానాన్ని ఢీకొంది. భూకంప బాధితులకు సాయం తీసుకెళ్తున్న ఆ చిన్న విమానంలో ఐదుగురు పోయారు. మంటల్లోని పెద్ద విమానం నుంచి 379 మందీ బయటపడ్డారు. అదే ఏడాది జూన్ 8న ముంబైలో ఎయిర్ ఇండియా విమానం ఇంకా రన్‌వే వదిలి లేస్తుండగానే వెనక ఇండోర్ నుంచి వచ్చిన ఇండిగో విమానం అదే రన్‌వే మీద దిగింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఏమీ కాని రోజును మనం మరిచిపోతాం. తెనెరీఫ్‌లోనూ ఆ ఆఖరి నిమిషం దాకా ఏమీ కాలేదు.

*

అమ్మ పోయి నాలుగేళ్ళయింది. మేడ మీద ఇప్పుడు వడియాలు ఎవరూ పెట్టడం లేదు. కానీ దుబాయి టవర్‌లో ‘ఆగండి’ అన్న కంట్రోలర్ ఎవరో, ఆ మాట విని ఆపిన పైలట్లు ఎవరో, వాళ్ళను తలుచుకున్నప్పుడల్లా నాకు అమ్మ గొంతు వినబడుతుంది. బాబాయి ఆమె కంటే వయసులో పెద్ద, కోపిష్ఠి. ఆయన ‘వెళ్తున్నా’ అన్నప్పుడు కూడా ఆమె ఒప్పుకునేది కాదు. మూడుసార్లయినా అడిగేది. ఆయన విసుక్కునేవాడు. అయినా మాట మార్చేవాడు. ఆమెకు విమానాల సంగతి తెలియదు. వెళ్ళేవాణ్ణి ప్రేమించేవాళ్ళు అతని తొందరకు లొంగకూడదని మాత్రం తెలుసు.

మొన్న నా మేనకోడలు అమెరికా ప్రయాణమైంది. రాత్రి పదకొండు గంటలు. కింద క్యాబ్ వచ్చి ఉంది, డ్రైవర్ రెండోసారి ఫోన్ చేశాడు. సూట్‌కేసులు లిఫ్ట్‌లోకి ఎక్కాయి. ఆమె భుజాన బ్యాగు వేసుకుని, పాస్‌పోర్టు చేతిలో పట్టుకుని, గడప మీద నుంచే ‘వెళ్తున్నా మామయ్యా’ అంది.

‘ఆగు’ అన్నాను.

‘లేటవుతోంది మామయ్యా, చెక్-ఇన్ మూసేస్తారు.’

‘ఆగమ్మా’ అన్నాను మళ్ళీ.

బ్యాగు కింద పెట్టింది.